బాల్యమెరుగనివారి పండుగ

పిట్లము నుండి నిజాంసాగరము దెసకు సాగు బాటసారికి మంజీరాసీమ పల్లెలు నేడు పచ్చని పొలముల నడుమ కానవచ్చును గాని, 1923లో ఆరంభమై 1931లో ముగిసిన ఆ ఆనకట్టకు పూర్వము ఇచ్చటి ప్రజలకు వానయే దైవము, కరవే చుట్టము. ఆ దినములలో గడీకిని, పటేలు వాకిటికిని వెట్టిచేయు మాల, మాదిగ కుటుంబములలో బాల్యమను మాటకు అర్థమే స్వల్పము. నడక నేర్చినది మొదలు పసులను కాయుటయు, పిమ్మట జీతగాడై పరుల పొలమున మెడవంచుటయు ఆ యింటి బిడ్డకు వ్రాసిపెట్టిన బ్రదుకు.

ఆ పల్లెలకు చేరిన క్రైస్తవబోధలో బాల్యమునకు వేరొక అర్థము కలదు. క్రీస్తు ఒక బిడ్డను శిష్యుల నడుమ నిలిపి, అట్టివారు కానిదే పరలోకరాజ్య ప్రవేశము లేదని బోధించినట్లు మత్తయి సువార్త 18వ అధ్యాయమున కలదు. చదువరియైన నగరవాసికి ఈ బోధ గర్వమును విడువుమను నీతి. జీతగానికో, ఎన్నడును అనుభవింపని బాల్యమును తొలిసారి అనుభవింపుమను పిలుపు.

1896లో మెదకునకు వచ్చిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కాలమున ఈ సీమలోని పల్లెజనులనేకులు క్రైస్తవమును స్వీకరించిరి. వారిలో అక్షరమెరిగినవారు అరుదు. కావున గ్రంథముకన్న ముందుగా పాటయే వారిని చేరినది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు రాగతాళయుక్తముగా రచించిన తెలుగు కీర్తనలు అప్పటికే క్రైస్తవసమాజములలో వ్యాపించియుండెను. తల్లి నోటివెంట పలుకులు నేర్చు పసివానివలె, తలనెరిసినవారును ఉపదేశకుని నోటివెంట చరణము చరణముగా పాడి తమ విశ్వాసమును నేర్చుకొనిరి. ఊరి జాతరలో కులవిధిగా, ఒకరి యాజ్ఞకు లోబడి డప్పు కొట్టిన చేతులే భజనలో తాళములు పట్టినవి. తరువాతికాలమున మెదకు ప్రాంతపు జంగరాయి పల్లెలను పరిశీలించి పి. వై. లూక్, జాన్ కార్మన్‌లు 1968లో ప్రకటించిన గ్రంథమును బట్టి చూచినను, ఈ విశ్వాసము పల్లె ఆచారములతో పెనవేసికొనియే పెరిగినదని తెలియును.

ఈ పాటలలోని ఆనందమునకు రాతిరూపము మెదకు క్రైస్తవ దేవాలయము. 1914లో పునాదిపడి, కరవునాట కూలికిని కూటికిని ఆధారమైనదని జనులు నేటికిని చెప్పుకొను ఆ కట్టడము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది. రాళ్లు మోసినవారే క్రిస్మసు పండుగనాడు తమ పిల్లలతో ఆ విశాలమంటపమున అడుగిడుట ఎంతటి మార్పో ఊహింపవచ్చును. పిదప చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ రచించిన గాజుకిటికీలలో ఒకటి క్రీస్తు జననమును చిత్రించుచున్నది. సూర్యకాంతి ఉన్నంతవరకే ఆ శిశువు కానవచ్చును, పొద్దుగ్రుంకిన వెంటనే గాజు నల్లబారును.

పాట వెట్టిని తొలగింపలేదు. పండుగ మరునాడు జీతగాడు మరల దొర పొలమునకే పోయెను. అయినను యజమాని యాజ్ఞ లేక, కూలి లేక, కేవలము తన సంతోషమునకై పండుగ రాత్రియంతయు పాడినవాడు, తన దేహము పనికొరకే పుట్టినదన్న మాటను మునుపటివలె నమ్మజాలడు. మంజీరాసీమ పల్లెజనులకు పసితనమనగా అమాయకత్వము కాదు. ఎవరికిని లెక్క చెప్పనక్కరలేని ఒక్క రాత్రి.