ఎడ్ల జోడు నుంచి క్రాసోవర్ దాకా: పాలకుర్తి సీమలో బండి ఎంపిక

వీరశైవ కవి పాల్కురికి సోమనాథుని పేరుతో, గుట్ట మీది సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి ఆలయంతో తెలుగువారందరికీ తెలిసిన పాలకుర్తి, 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లాలో ఉండి, నాటి పునర్విభజనతో జనగామ జిల్లాలో చేరిన మండల కేంద్రం. ఎర్ర చెల్కలూ, అక్కడక్కడ నల్ల రేగళ్లూ, చెరువు కట్టలూ, గుట్టల నడుమ సాగే దారులూ ఉన్న ఈ సీమలో బండి కొనడమంటే ఒక కుటుంబం తన ఏళ్ల సంపాదనను ఒక్కసారిగా పణం పెట్టడమే కనుక, కొనబోయే ముందు రెండింటిని పక్కపక్కన నిలబెట్టి పోల్చి చూసే అలవాటు మోటారు వాహనాల కంటే చాలా పాతది. ఆ అలవాటు ఎంత పాతదైనా, దాన్ని ఆచరించే వెసులుబాటు మాత్రం సామాన్యులకు ఆలస్యంగానే దక్కింది.

మోటారు రాకముందు బండి విలువను నిర్ణయించినది ఎడ్ల జోడు. పశువుల అంగడిలో రైతు మొదట ఎద్దు నోరు తెరిచి కింది దవడ చూసేవాడు. పశువుకు పై దవడన ముందు పళ్లు ఉండవు కాబట్టి వయసు లెక్కంతా కింది పళ్ల మీదనే నడిచేది. పాల పళ్లు ఊడి కొత్తగా ఒక జత వస్తే ‘రెండు పళ్ల’ కోడె, అంటే ఇంచుమించు రెండేళ్లు దాటినది. నాలుగు, ఆరు దాటి ఎనిమిది పళ్లూ నిండితే పూర్తి వయసుకు వచ్చిన ఎద్దు. పళ్లు అరిగితే ఎన్ని మాటలు చెప్పినా ధర దిగేది. ఆ తర్వాత గిట్టలు, మూపురం, మెడ మీద కాడి కాయ చూసి, వెంట్రుకల సుళ్లలో మంచివేవో చెడ్డవేవో ఎంచేవారు. సుళ్ల లెక్కలో నమ్మకం పాలు ఎక్కువే గాని, పళ్లు, గిట్టలు, కాడి కాయ చూసే పద్ధతిలో తరాల అనుభవం ఉంది. చివరగా కాడికి ఎడమన కట్టే దాపలి ఎద్దూ, కుడివైపు కట్టే వలపలి ఎద్దూ ఒకే ఎత్తున, ఒకే నడకతో కలుస్తాయా అని బరువు బండికి కట్టి ఎగువకు తోలి చూసేవారు. బేరం మాత్రం పదిమంది చెవిన పడకుండా రుమాలు కింద చేతివేళ్లతో సాగేది. కుదిరితే బయానా, అంటే ముందస్తు సొమ్ము, చేతులు మారేది. దలారికి, అంటే మధ్యవర్తికి, అతని వాటా ముట్టేది.

జాతుల మధ్య పోలిక కూడా ఇంతే నిశితమైనది. కోస్తా నుంచి వచ్చే ఒంగోలు ఎడ్లు భారీ శరీరంతో లోతు దుక్కికి, బరువు లాగడానికి పేరు పొందితే, నల్లమల అంచున అమ్రాబాద్ ప్రాంతపు పొడ తూర్పు ఎడ్లు ఒంటి మీద పొడలతో, తేలికైన ఒడలితో, గట్టి గిట్టలతో రాళ్ల నేలలో తక్కువ మేతకే చాకిరీ చేసేవిగా పాలమూరు కురుమూర్తి జాతరలో అమ్ముడయ్యేవి. బలం కావాలా, తక్కువ ఖర్చు కావాలా అనే ప్రశ్నకు నేలా, మేతా జవాబు చెప్పేవి. కంటికి నచ్చడం ఆ తర్వాతి సంగతి.

బండి తయారీలోనూ ఇదే పరీక్ష. కుండ, అంటే చక్రం నడిమి దిమ్మ, దాని నుంచి వెలువడే ఆకులు, వాటి చివర కూర్చే పూటీలు వడ్రంగి పని. ఎర్రగా కాల్చిన ఇనుప పట్టాను చక్రం చుట్టూ తొడిగి నీళ్లు పోస్తే, చల్లారిన ఇనుము కుదించుకుని కర్రనంతా బిగించేది. ఈ పనిలో పట్టా ఒక అంగుళం వదులైనా ఎండాకాలంలో కర్ర ఎండి చక్రం లొడలొడలాడుతుంది కనుక, కొనేవాడు చక్రాన్ని చేత్తో ఊపి, చెవి పెట్టి వినేవాడు. తర్వాత గాలి టైర్ల బండ్లు వచ్చి ఈ విద్యలో సగాన్ని అనవసరం చేశాయి.

అయితే ఈ ఎంపిక అందరిదీ కాదు. నిజాం పాలనలో విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనం కింద ఉన్న ఈ ఊళ్లలో వెట్టి అనే కూలిలేని చాకిరీ సాగినప్పుడు, రైతు బండి, ఎడ్లు దొర పిలుపు వచ్చిన వేళ దొరవే అయ్యేవి. సవారి బండి ఎక్కేది ఒకరైతే దాని ముందు పరుగెత్తేవారు వేరొకరు. కౌలు పొలంలో తన పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనీయక ‘సంఘం’గా పిలిచిన ఆంధ్ర మహాసభ అండతో నిలుపుకొన్న చాకలి ఐలమ్మ ఈ పాలకుర్తి మనిషే. తన ధాన్యం తన ఇంటికి చేరడమే పోరాటమైన చోట, ఏ బండి కొనాలన్న ఆలోచనకు తావెక్కడ? 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసి, మరుసటి ఏడు జాగీర్లు రద్దయ్యాకే ఆ తావు క్రమంగా ఏర్పడింది. దీన్ని విస్మరించి వాహనాల చరిత్రను యంత్రాల చరిత్రగా మాత్రమే చెప్పడం సరికాదు.

స్వాతంత్య్రం తర్వాత కొన్ని దశాబ్దాలు మోటారు కారు కొనేవారికి కూడా ఎంపిక ఇరుకే. లైసెన్సు విధానం వల్ల ప్రధానంగా హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడరూ, బొంబాయిలో తయారై 1970లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మారిన ఫియట్‌ మాత్రమే మిగిలాయి. మొదటిది 1489 సీసీ ఇంజనుతో విశాలమైనది, రెండవది 1089 సీసీతో చిన్నది. సీసీ అంటే ఇంజను సిలిండర్లలో పట్టే పరిమాణాన్ని కొలిచే ఘన సెంటీమీటరు. రెంటినీ పోల్చినా, డబ్బు కట్టినవారు సంవత్సరాల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. గ్రామాల్లో జీపు అంటే అధికారులదే. తర్వాతి కాలంలో అదే జీపు మనుషులను కిక్కిరిసి ఎక్కించుకుని తిరిగే అద్దె బండి అయింది. 1983లో మారుతి 800 వచ్చి, 1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరం తొలగాక, టాటా సుమో, బొలెరో, స్కార్పియో వంటి బండ్లు ఊళ్ల దారుల్లో కనిపించసాగాయి.

సుమో, బొలెరో, స్కార్పియోలు ఇనుప చట్రం మీద పైభాగాన్ని విడిగా బిగించినవి. క్రాసోవర్ అలా కాదు: దాని చట్రం, పైభాగం ఒకటే పెంకుగా కలిసి ఉంటాయి, ఈ నిర్మాణాన్నే మోనోకాక్ అంటారు, ఎత్తు మాత్రం జీపు జాతిది, నడక కారుది. మన దేశంలో ఈ మధ్యస్థ పరిమాణపు తరగతికి 2012లో రెనో డస్టర్ దారి తీయగా, 2015 జూలైలో వచ్చిన హ్యుందాయ్ క్రెటా దాన్ని స్థిరపరిచింది. 2019 ఆగస్టులో దానికి పోటీగా వచ్చిన కియా సెల్టోస్ తయారయ్యేది తెలుగు నేల మీదే: విజయనగర రాజుల రెండవ రాజధానిగా చరిత్రకెక్కిన పెనుకొండ సమీపాన ఎర్రమంచిలో, ఏటా మూడు లక్షల బండ్ల సామర్థ్యంతో కట్టిన కర్మాగారంలో.

హనుమకొండ, హైదరాబాద్ షోరూంలలో కొనుగోలుదారు పక్కపక్కన పెట్టి చూసిన ఈ రెండూ ఒకే కొరియా వ్యాపార సముదాయపు బిడ్డలు. 2020 నాటి తరం క్రెటా, సెల్టోస్‌ల చక్రాల మధ్య దూరం ఒకటే ఉండేది, 2610 మిల్లీమీటర్లు. పొడవులో తేడా 15 మిల్లీమీటర్లే ఉండేది. 1497 సీసీ పెట్రోలు, 1493 సీసీ డీజిల్ ఇంజన్లూ ఉమ్మడిగానే ఉండేవి. ఆ రోజుల్లో పన్ను లెక్కలో ఎస్‌యూవీ కావాలంటే నాలుగు మీటర్లకు మించిన పొడవుతోపాటు 1500 సీసీ దాటిన ఇంజనూ, నేలకు కనీసం 170 మిల్లీమీటర్ల ఎత్తూ ఉండాలి. జనం నోట ఎస్‌యూవీలే అయినా ఇంజను ఆ గీత దాటలేదు కనుక, వీటి మీద పన్ను 50 శాతం కాక 45 శాతంగానే ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతానికి దిగింది. లోపలి యంత్రం ఒకటైనప్పుడు పోలిక సీట్ల గాలి, తెర వెడల్పు, పైకప్పు కిటికీ మీదికి జరగడం సహజమే గాని, ఎడ్లను బరువుతో ఎగువకు తోలి చూసిన పాత పద్ధతే ఇక్కడ ఎక్కువ ఉపయోగం: కుటుంబమంతా ఎక్కి, సామాను వేసుకుని, గతుకుల దారి మీద నడిపి చూస్తే తప్ప సస్పెన్షన్, అంటే చక్రాల కుదుపును అణిచే అమరిక, ఎలాంటిదో తెలియదు.

కంటితో, చెవితో తెలియని ఒక విషయం మాత్రం ఈ బండ్లలో ఉంది, అది ఢీకొన్నప్పుడు లోపలివారు ఎంత సురక్షితమన్నది. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకు సెల్టోస్ 2020లోనూ, క్రెటా 2022లోనూ అయిదింటికి మూడేసి నక్షత్రాలే పొందాయి. 2023 అక్టోబరు 1 నుంచి అమలైన భారత్ ఎన్‌క్యాప్‌లో బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డంకికి ఢీకొట్టిస్తారు. కానీ ఆ పరీక్షకు పంపడం తయారీదారు ఇష్టానికే వదిలేశారు గనుక, ఏ బండి పరీక్షకు వెళ్లిందో, ఏది వెళ్లలేదో కొనేవారే అడిగి తెలుసుకోవలసి ఉంటుంది.