తుపాకీకి పన్ను తాళం

1929 ఫిబ్రవరి 14న షికాగోలోని ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడవైపు తిప్పి నిలబెట్టి కాల్చేశారు. హంతకులు వాడినవాటిలో థామ్సన్ సబ్‌మెషిన్ గన్లున్నాయి. అలాంటి ఆయుధాన్ని నిషేధించేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ అమెరికాలో శాంతిభద్రతలు రాష్ట్రాల చేతిలోవి. ఆయుధాల హక్కు గురించి చెప్పే రాజ్యాంగ రెండో సవరణ కూడా అడ్డొస్తుందన్న శంక ఉండేది. పన్ను వేసే అధికారం మాత్రం కాంగ్రెస్‌కు పుష్కలంగా ఉంది. అటార్నీ జనరల్ హోమర్ కమ్మింగ్స్ ఆ దారే పట్టారు.

అలా వచ్చిందే 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం. మెషిన్ గన్, గొట్టం కురచ చేసిన షాట్‌గన్, సైలెన్సర్ వంటివి చేతులు మారితే 200 డాలర్లు కట్టాలి. దరఖాస్తు ఫారానికి ఫొటో, వేలిముద్రలు జతచేయాలి, దాని మీద పన్ను స్టాంపు పడాలి. అప్పట్లో థామ్సన్ ధరే దాదాపు 200 డాలర్లు. అంటే కొనేవాడికి రెట్టింపు ఖర్చు. ఖజానా నింపడానికి ఎవరూ ఇలాంటి పన్ను వేయరు. ముసాయిదాలో మొదట పిస్టళ్లు, రివాల్వర్లు కూడా ఉన్నాయి. వ్యతిరేకత రావడంతో వాటిని తీసేశారు.

మూడేళ్లకు సొన్జిన్‌స్కీ అనే ఇల్లినాయ్ వ్యాపారి కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. తుపాకుల డీలర్లు ఏటా కట్టాల్సిన 200 డాలర్లు ఆయన కట్టలేదు. ఏ పన్నయినా ఎంతో కొంత అదుపు చేసేదే, దాని వెనక ఉద్దేశాన్ని తవ్వడం మా పని కాదని 1937లో కోర్టు తేల్చింది. ఇదే కోర్టు 1922లో బాలకార్మికుల చేత పనిచేయించే కంపెనీల మీద వేసిన పన్నును, అది పన్ను కాదు శిక్ష అంటూ కొట్టేసింది. రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు 1922 నాటిదే నిజాయితీగా కనిపిస్తుంది.

అసలు చిక్కు 2008లో మొదలైంది. తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హక్కును వాడుకోవడానికి వెల కట్టకూడదని 1943లోనే, ఇంటింటికీ తిరిగి మతప్రచారం చేసేవారి కేసులో అదే కోర్టు తీర్పిచ్చి ఉంది. 2016లో ఉత్తర మరియానా దీవులు చేతి తుపాకీ మీద వేసిన 1,000 డాలర్ల పన్నును ఫెడరల్ కోర్టు కొట్టేసింది. సియాటిల్ వేసిన 25 డాలర్లను మాత్రం వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లో నిలబెట్టింది. అయితే అక్కడ వాదన రెండో సవరణ మీద కాదు, నగరానికి ఆ అధికారం ఉందా అన్నదాని మీద. కాలిఫోర్నియా 2024 జూలై నుంచి 11 శాతం వసూలు చేస్తోంది. 600 డాలర్ల పిస్టల్ మీద అది 66 డాలర్లు.

హింస బాధితుల కోసం వసూలు చేసే చిన్న పన్ను న్యాయమే. కొనకుండా ఆపడానికి వేసే పెద్ద పన్ను మాత్రం డబ్బున్నవాణ్ని ఆపదు, లేనివాణ్నే ఆపుతుంది. ప్రమాదకరమైన ఆయుధమని నమ్మితే ప్రభుత్వం ఆ మాటే పైకి చెప్పి, నేరుగా కట్టడి చేసి, కోర్టులో సమర్థించుకోవాలి.

ఆ 200 డాలర్లు తొంభై ఏళ్లు మారలేదు. 2025 చట్టంతో, 2026 జనవరి 1 నుంచి సైలెన్సర్లకు, కురచ గొట్టం తుపాకులకు పన్ను సున్నా అయింది. మెషిన్ గన్లకు పాత పన్నే. ఫారం, వేలిముద్రలు, రిజిస్ట్రేషన్ అన్నిటికీ అలాగే ఉన్నాయి. పన్నే లేనప్పుడు పన్ను కోసం పెట్టిన రిజిస్ట్రేషన్ చెల్లుతుందా అని అడుగుతూ కోర్టుల్లో దావాలు పడ్డాయి.