కూతవేటు దూరము: భిలాయి ఉక్కునగర కథ

గడియారమును మైలురాయియు మన పల్లెలకు రాకమునుపు మన పెద్దలు దూరమును దేహముతోనే కొలుచుకొనిరి. జానయు మూరయు బారయు చేతినిబట్టి పుట్టిన కొలతలు. అడుగు పాదమునుబట్టి పుట్టినది. ఇవి చాలనిచోట గొంతునే కొలబద్దగా చేసికొని కూతవేటు దూరమనిరి. ఒకరు గొంతెత్తి పిలిచిన మరియొకరికి వినవచ్చునంతటి దూరమది. బావియు గుడియు రచ్చబండయు వీథిబడియు ఇంటికి కూతవేటున నుండవలెనని యే శాసనమును విధింపకపోయినను, నడచువాడే ఊరు కట్టుకొనెను గనుక ఊరు నడకకు లోబడి పెరిగెను. అయితే ఆ భాగ్యము ఎల్లరకును సమముగా దక్కినదనుట అసత్యమగును. ఊరికి వెలుపల వాడ యుండెను. వాడవారికి ఊరబావి కూతవేటుననే యుండియు అందనిదై యుండెను. మనుష్యుడు ఆరోగ్యముగా, చురుకుగా బ్రదుకుటకు నివాసస్థలములను ఎట్లు తీర్చిదిద్దవలెనను విచారమున ఈ రెండు సత్యములను జతగా గుర్తుంచుకొనవలెను. ఏలయన, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని భిలాయి ఉక్కునగర చరిత్రయందు ఈ రెండును మరల కనబడుచున్నవి.

పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాఖండమునందు యంత్రపరిశ్రమలు విజృంభించినపుడు కార్మికుని యిల్లు మిల్లుగోడ నానుకొని, గాలివెలుతురులు చొరని సందులలో చిక్కుకొనెను. కలరాయు క్షయయు ఆ సందులలోనే కాపురముండెను. ఈ దుర్గతికి విరుగుడు వెదకినవారిలో ఎబెనెజర్ హవర్డ్ అను ఆంగ్లేయుడు 1898లో ఉద్యాననగర భావనను ప్రకటింపగా, 1903లో లండనుకు ఉత్తరమున లెచ్‌వర్త్ పట్టణము ఆ భావనకు తొలిరూపమై వెలసెను. 1929లో అమెరికా దేశస్థుడు క్లారెన్స్ పెర్రీ, న్యూయార్కు ప్రాంతీయ ప్రణాళికలో భాగముగా, ఒక పొరుగుపేట ఎట్లుండవలెనో లెక్కలు కట్టి నిర్ణయించెను. నడుమ ప్రాథమిక పాఠశాల యుండవలెను, దాని చుట్టును పావుమైలు వ్యాసార్ధములో ఇండ్లుండవలెను, అంగళ్లు అంచులయందుండవలెను, పెద్ద రహదారులు పేటను చీల్చుకొనిపోక దాని పొలిమేరలను తాకి పోవలెను, నేలలో పదవవంతు ఆటస్థలములకును ఉద్యానములకును విడువవలెను. పసిబిడ్డ పెద్దబాటను దాటకుండ బడికి నడచిపోగలుగుటయే ఈ ఏర్పాటునకు ప్రాణము. మన పెద్దలు కూతవేటు అనినదానిని పెర్రీ పావుమైలనెను.

మన దేశమున ఈ ఆలోచనకు ఉక్కునగరములతోడి చెలిమి పాతది. జంషెడ్జీ టాటా, తాను కన్నులార చూడ నోచుకొనని ఉక్కుపట్టణమును గూర్చి 1902లో కుమారుడైన దోరాబ్జీకి వ్రాసిన లేఖలో, వీథులు విశాలముగా నుండవలెననియు, త్వరగా ఎదిగి నీడనిచ్చు చెట్లను నాటవలెననియు, బంతియాటలకు విరివియైన మైదానములు విడువవలెననియు కోరెను. ఆయన పేర వెలసిన జంషెడ్‌పురమునకు 1940వ దశకపు నడుమ ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ అను జర్మను వాస్తుశిల్పి పొరుగుపేటల పద్ధతి ననుసరించి అభివృద్ధి ప్రణాళిక రచించెను. 1948లో మనకు పొరుగైన భువనేశ్వర నగరమునకును అతడే ప్రణాళిక కూర్చెను. పిదప లె కార్బూజియే చండీగఢమును 800 మీటర్ల వెడల్పును 1200 మీటర్ల పొడవును గల సెక్టర్లుగా విభజించెను. ఇట్లు భిలాయి పుట్టునాటికి సెక్టరను మాట దేశమున వేరూని యుండెను.

1955 ఫిబ్రవరి 2వ తేదీన, సంవత్సరమునకు 10 లక్షల టన్నుల ఉక్కు తీయగల కర్మాగారమొకటి నిర్మించుటకై భారత సోవియట్ ప్రభుత్వములు ఢిల్లీలో ఒడంబడిక చేసికొనినవి. రెండవ పంచవర్ష ప్రణాళికలో ప్రభుత్వము తలపెట్టిన మూడు ఉక్కు కర్మాగారములలో రూర్కెలాకు జర్మనులును, దుర్గాపురమునకు ఆంగ్లేయులును, భిలాయికి రష్యనులును తోడుపడిరి. రాయపూరునకు పడమటను దుర్గ్ పట్టణమునకు తూర్పునను, హౌరా బొంబాయి రైలుమార్గపు చెంత, వరిచేల నడుమ నున్న చిన్నపల్లె భిలాయి. ఇనుపరాయి దల్లీ రాజహరా కొండలనుండి, సున్నపురాయి నందిని గనులనుండి, నీరు తాందుల జలాశయమునుండి అందుననెడి లెక్కతో ఆ చోటు ఎన్నికైనది. 1959 ఫిబ్రవరి 3వ తేదీన రూర్కెలాలో తొలి ఊదుకొలిమిని ప్రారంభించిన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు, మరునాడే భిలాయికి వచ్చి ఇక్కడి తొలి కొలిమిని ప్రారంభించెను.

కొలిమి కంటె పనివాడు ముందు రావలెను. వచ్చినవానికి తలదాచుకొను చోటు కావలెను. ఆ చుట్టుపట్టుల వేలమందికి వసతి నీయగల పెద్ద ఊరు లేదు గనుక ఊరినే కొత్తగా కట్టవలసివచ్చెను. కర్మాగారమునకు పడమట 1 మొదలు 10 వరకు సెక్టర్లు ఏర్పడెను. తరువాత మరోదా, రిసాలీ, రుఆబాంధా అను పాతపల్లెల పేళ్లతోనే మరికొన్ని నివాసపేటలు చేరెను. ఒక్కొక్క సెక్టరులో క్వార్టర్ల వరుసలు, వాని నడుమ ప్రాథమిక పాఠశాల, మైదానము, చిన్న బజారు, ఆరోగ్యకేంద్రము అమరినవి. పెద్దబండ్లకు సెంట్రల్ అవెన్యూ వంటి విశాలమార్గములును, ఇరుగుపొరుగుల రాకపోకలకు లోపలి చిన్నవీథులును వేరువేరుగా నుండెను. ఎల్లరును కలిసికొనుటకు సివిక్ సెంటరును, ఆటలకు సెక్టర్ 1లోని పంత్ స్టేడియమును, విహారమునకు 1972లో భారత సోవియట్ స్నేహమునకు గురుతుగా నెలకొల్పిన మైత్రీ బాగ్ ఉద్యానమును వెలసినవి. పెద్ద ఆసుపత్రి సెక్టర్ 9లో నిలిచెను. దానికి జవాహరులాల్ నెహ్రూ పేరు పెట్టినను, ఆ సీమ జనులకు నేటికిని సెక్టర్ 9 అనగా ఆసుపత్రియే.

ఈ ఏర్పాటు ఆరోగ్యశాస్త్రము నుద్దేశించియే చేసినదని చెప్పరాదు. వంతులవారీగా మారు షిఫ్టులకు పనివాడు వేళకు చేరవలెను, పిల్లలబడి, సరకుల అంగడి, మందుల చీటి మొదలైన వాని కొరకు అతని ఇంటివారు దూరము పోయి అలయరాదు, మొదటి ప్రయోజనమిది. అయినను ప్రయోజనము ఒకటి తలచి చేసిన పని వేరొక మేలును గూడ కొనితెచ్చుట లోకమున కలదు. బడి దగ్గరనున్నందున బిడ్డ నడచెను. బజారు దగ్గరనున్నందున తల్లి నడచెను. కర్మాగారము నడకకు దూరమై సైకిలునకు దగ్గరయైనందున తండ్రి సైకిలెక్కెను. తొలి దశాబ్దములలో షిఫ్టు మారువేళ భిలాయి వీథులలో సైకిళ్లు వరదవలె పారెడివి. వ్యాయామశాల కేగుదమని ఎవ్వరును సంకల్పింపలేదు. దినచర్యయే వారికి వ్యాయామమైనది.

ఇది యెంతటి మేలో ఇంచుమించు అదేకాలమున వేరొకచోట నిరూపితమైనది. 1953లో జెర్రీ మోరిస్ అను వైద్యుడు లండనులోని రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, దినమంతయు కూర్చుండి బండి నడపు డ్రైవర్లకంటె, టిక్కెట్లకై దినమంతయు మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువయని లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించెను. ఒకే బస్సు, ఒకే పొగ, ఒకే వీథి. అయినను కాళ్లకు పని యున్నవాని గుండె పదిలముగా నుండెను. ఈ పరిశోధన సారము మన ప్రస్తుత విషయమంతటికిని మూలము. దేహమునకు కదలిక కావలెనని మనుష్యునికి ఉపదేశించుట సులభము. అతడు ఉపదేశము వినకపోయినను కదలునట్లుగా అతని ఇంటికిని పనికిని నడుమ దారిని అమర్చుట కష్టము. ఆ కష్టమైన పనినే వీథులు గీసినవాడు చేయగలడు. వైద్యుడు రోగమువచ్చిన పిమ్మట కనబడును; వీథులు గీసినవాడు రోగమునకు ముందుగనే వచ్చిపోవును.

భిలాయికి దేశపు నలుమూలలనుండి జనులు వచ్చిరి; వారిలో తెలుగువారు కొల్లలు. నాటి విశాఖపట్టణ, శ్రీకాకుళ జిల్లాలవారికి ఆ దేశము కొత్తది కాదు. 1931లో విజయనగరము రాయపూరు రైలుమార్గము పూర్తియైనది మొదలు తూర్పుకనుమల కావలి సీమకు దారి సుగమమాయెను. పార్వతీపురములోనో బొబ్బిలిలోనో రైలెక్కినవాడు భిలాయిలో మూటవిప్పి, తనవారిని గూడ పిలిపించుకొనెను. ఆంధ్ర సాహిత్య సమితియు, దాని పోషణలోని సెక్టర్ 5 బాలాజీ మందిరమును అక్కడి తెలుగువారికి కూడలి స్థానములైనవి. ఒకే వీథిలో మలయాళి, బెంగాలీ, పంజాబీ, ఒడియా, తెలుగు కుటుంబములు కాపురముండుటయు, వారి పిల్లలు ఒకే మైదానమున ఆడి ఒకే బడికి జట్టుగా నడచిపోవుటయు ఆ ప్రణాళిక చేసిన మరియొక మేలు. నడచువానికి ఎదురుపడువాడు పలుకరించును; పలుకరింపు కలిగినచోట చెలిమి కలుగును; ఒంటరితనమును పోగొట్టు చెలిమియు ఆరోగ్యములో ఒక భాగమే గదా!

ఇక రెండవ సత్యమును చెప్పవలెను. సెక్టర్ల పటము అందముగానే యున్నది. ఆ పటపు గీటు వెలుపలి కథ వేరు. కర్మాగారమునకును, పట్టణమునకును నేల నిచ్చి అనేక గ్రామములు కరగిపోయెను. తరతరములుగా వరిపండించిన ఛత్తీస్‌గఢీ రైతు తన చేలలో లేచిన గోడను చూచుచు నిలిచెను. కర్మాగారమును కట్టుటకు ఇటుకలు మోసినవారికి, పునాదులు త్రవ్వినవారికి, రేజాలని పిలువబడు కూలి స్త్రీలకు, తాత్కాలికముగా క్యాంపులు వేసిరి. నిర్మాణము ముగిసెను గాని క్యాంపు 1, క్యాంపు 2 అను ఆ పేళ్లు ముగియలేదు. తాత్కాలికమే శాశ్వతమై జనసమ్మర్దము గల పేటలైనవి. రైలుమార్గపు చేరువ నున్న ఖుర్సీపార్ పేట అట్టిదే. అక్కడను తెలుగు కుటుంబములు విస్తారముగా కలవు. ఒకే రైలులో వచ్చిన ఇరువురిలో కర్మాగారమున స్థిరోద్యోగము దొరకినవాడు సెక్టరులో చెట్టునీడను, దొరకనివాడు ఇరుకుసందును పొందిరి. 2018 వర్షకాలమున డెంగీ జ్వరము భిలాయిని పీడించినపుడు ఖుర్సీపార్ పరిసరములు మిగుల బాధపడినవి. దోమకు సెక్టరు హద్దులు తెలియవు. కాని నిలువనీరును, మురుగును ఎచ్చట మిగిల్చితిమో దానికి చక్కగా తెలియును. పాతపల్లెలోని ఊరును వాడయు ఇట్లు కొత్తనగరములో సెక్టరును క్యాంపును అయినవి.

కాలక్రమమున సెక్టర్లలోను మార్పు వచ్చెను. కర్మాగారపు శక్తి 1988 నాటికి 40 లక్షల టన్నులకు పెరిగెను గాని, అటుపిమ్మట పనివారి సంఖ్య ఏటేట తగ్గుచు వచ్చెను. సైకిలు స్థానమున స్కూటరును, దాని స్థానమున కారును చేరెను. నాడు నాటిన మొక్కలు మహావృక్షములై నీడనిచ్చునాటికి ఆ నీడలో నడచువారు పలుచనైరి. దీనినిబట్టి వీథుల అమరిక ఒక్కటే చాలునని తలచరాదని తెలియుచున్నది. అయినను ఆ వీథులు ఉన్నవి గనుక, నేడైనను నడువదలచినవానికి భిలాయిలో చోటు కలదు. వీథిప్రక్క కాలిబాటయే లేని పట్టణములో నడువదలచినవాడు ఏమి చేయగలడు?

ఈ కథ మన ముంగిటికిని వచ్చినది. 1966లో ఆంధ్రదేశమంతయు విశాఖ ఉక్కునకై ఉద్యమించెను. 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిరి. ఉక్కునగరము చెట్లతో, బడులతో, మైదానములతో సెక్టర్లుగా వెలసెను. నేల నిచ్చినవారు గాజువాక పరిసరముల పునరావాస కాలనీలకు తరలిరి. గీటు మరల అచ్చటనే పడెను. నేడు మన పట్టణముల వెలుపల దినమొక లేఔటు వెలయుచున్నది. దాని ప్రకటనలో గజము ధరయు, విమానాశ్రయమునకు కారులో పట్టు నిమిషములును ఉండును. ఏడేండ్ల బిడ్డ బడికి నడచిపోగలదా యను మాట ఉండదు. ఆ కాలనీకి కావలి కాయువాని బిడ్డకును, అచ్చట అంట్లు తోము తల్లి బిడ్డకును ఆడుకొన చోటున్నదా యను మాట అసలే ఉండదు.

స్థలము కొనువారు ధర యడుగుటకు ముందు బడికి నడచి చూడుడు. బజారునకు నడచి చూడుడు. సందెవేళ ముసలితల్లి కూర్చుండుటకు చెట్టునీడ గల చోటున్నదో లేదో చూడుడు. పటములకు అనుమతి నిచ్చు పురపాలకులకు నా విన్నపమొక్కటే. గీటు గీచిన పిమ్మట దాని వెలుపల ఎవ్వరు మిగిలిరో విచారించి, వారికిని బడిని, మంచినీటిని, మైదానమును కూతవేటు దూరములో లెక్కకట్టి, ఆ పిదపనే సంతకము చేయుడు.