వాణిజ్య భవనాల పైకప్పు

దుకాణాలు, కార్యాలయాలు, గిడ్డంగులు, ఆసుపత్రులు, కల్యాణ మండపాలు, కర్మాగారాలు మొదలైన భవనాలను ఎండ, వాన, గాలి, అగ్నుల నుండి కాపాడే పై నిర్మాణాన్ని వాణిజ్య భవనాల పైకప్పు అంటారు. పైకప్పు అనగా పైన పరచిన రేకు గాని, పోసిన కాంక్రీటు గాని మాత్రమే కాదు. బరువును మోసే చట్రం, వేడిని అడ్డగించే పొర, నీటిని ఆపే పొర, నీరు జారిపోయే వాలు, తూములు, వీటిని కలిపి ఉంచే బోల్టులు, అతుకులు అన్నీ చేరినదే పైకప్పు వ్యవస్థ. వీటిలో ఏ ఒక్కటి బలహీనంగా ఉన్నా మిగిలినవాటి నాణ్యత వృథా అవుతుంది.

నివాస గృహాల కప్పుతో పోల్చితే వాణిజ్య భవనం కప్పు వైశాల్యం ఎక్కువ, మధ్యలో స్తంభాలు తక్కువ. దాని కింద విలువైన సరుకు, ఎక్కువమంది మనుషులు ఉంటారు. పైన ఏసీ యంత్రాలు, నీటి ట్యాంకులు, సౌర ఫలకాలు ఉంటాయి. కప్పు కారితే వ్యాపారం ఆగిపోతుంది. అయినప్పటికీ కప్పును ఎంచుకొనేటప్పుడు చదరపు అడుగుకు ఎంత ఖర్చు అన్న ప్రశ్నే సాధారణంగా ముందుకు వస్తుంది. అన్ని చోట్లా మేలైన కప్పు అంటూ ఏదీ లేదు. ఆ స్థలంలో గాలి, ఎండ, వానలలో ఏది ఎక్కువ బాధిస్తుంది, భవనాన్ని దేనికి వాడుతారు, ఎన్ని సంవత్సరాలు నిలవాలి అన్న విషయాలను బట్టి సరియైన ఎంపిక మారుతుంది.

చరిత్ర

తెలుగునాట పూర్వం తాటాకు, గడ్డి కప్పులు, పెంకుటిళ్ళు, మట్టి మిద్దెలు ఉండేవి. రాయలసీమలో రాతిబండలు పరచిన మిద్దెలు నేటికీ కనిపిస్తాయి. మద్రాసు ప్రెసిడెన్సీలోని కచేరీలకు, పెద్ద దుకాణాలకు మద్రాసు టెర్రస్ అనే పద్ధతిని వాడేవారు. ఇందులో టేకు దూలాలపై ఇటుకలను అంచుపై నిలబెట్టి సున్నంతో పేర్చి, దానిపై ఇటుక జల్లి, సున్నం కలిపిన పొరను దిమ్మిసతో కొట్టి గట్టిపరచేవారు. సున్నంలో కరక్కాయ నీరు, బెల్లం కలిపేవారు.

లండనులో 1829లో హెన్రీ రాబిన్సన్ పామర్ ముడతల ఇనుప రేకుకు పేటెంటు పొందాడు. ఫ్రాన్సులో 1837లో స్టానిస్లాస్ సొరెల్ ఇనుముకు జింకు పూత వేసే పద్ధతికి పేటెంటు పొందాడు. ఈ రెండూ కలిసి తుప్పును తట్టుకొనే రేకుల కప్పుకు దారి తీశాయి. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో పెంకుల కర్మాగారాన్ని స్థాపించారు. "మంగళూరు పెంకు" అనే పేరు అలా వచ్చినదే. ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాట్షెక్ 1901లో ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకుకు పేటెంటు పొందాడు. ఇరవయ్యవ శతాబ్దంలో ఆర్.సి.సి. స్లాబు వ్యాపించింది. 1972లో అల్యూమినియం, జింకు కలిపిన పూత గల ఉక్కు రేకులు అమెరికాలో మార్కెట్టులోకి వచ్చాయి. ఈ పూతలో అల్యూమినియం 55 శాతం ఉంటుంది.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

గాలి

గాలి కప్పును కిందికి నొక్కుతుందని సాధారణంగా అనుకుంటారు. కాని చదునైన కప్పులపైన, తక్కువ వాలు గల కప్పులపైన అది చాలావరకు పైకి లాగుతుంది. వేగంగా ప్రవహించే గాలి కప్పు అంచు దగ్గర విడిపోయి, అక్కడ పీడనం తగ్గడమే దీనికి కారణం. మూలలలో, అంచులలో ఈ లాగుడు అత్యధికం. తుఫానులో షట్టరు ఊడిపోతే గాలి లోపలికి చొరబడి కప్పును కింది నుండి కూడా నెడుతుంది.

భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం (2015) ఒక్కొక్క ప్రాంతానికి మూల గాలివేగాన్ని నిర్ణయించింది. వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకొని, దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుపై పీడనం న్యూటన్లలో వస్తుంది. ఎత్తు, పరిసరాలు, భవనం ఆకారం మొదలైన గుణకాలను పక్కన పెడితే లెక్క ఇలా ఉంటుంది.

• కర్నూలు: వేగం 39, పీడనం సుమారు 910 న్యూటన్లు
• హైదరాబాదు: వేగం 44, పీడనం సుమారు 1,160 న్యూటన్లు
• విజయవాడ, విశాఖపట్నం: వేగం 50, పీడనం 1,500 న్యూటన్లు

1,500 న్యూటన్లు అనగా చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువు. అర మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకు చదరపు మీటరుకు సుమారు 5 కిలోలు మాత్రమే తూగుతుంది. 125 మిల్లీమీటర్ల ఆర్.సి.సి. స్లాబు 310 కిలోలకు పైగా తూగుతుంది. కనుక స్లాబు తన బరువుతోనే గాలికి నిలుస్తుంది. రేకుల కప్పు మాత్రం స్క్రూలపైన, బోల్టులపైన ఆధారపడుతుంది. రేకు ఎంత మందం అన్నదానితో పాటు స్క్రూలు ఎంత దూరంలో ఉన్నవి, అంచులలో వాటిని దగ్గర చేశారా లేదా అన్నది చూడవలసి ఉంటుంది. తూర్పు తీరం వెంబడి 60 కిలోమీటర్ల వెడల్పు గల పట్టీలో కట్టే పారిశ్రామిక భవనాలకు గాలివేగాన్ని 1.15 రెట్లు చేసి లెక్కించాలని ఈ ప్రమాణం చెబుతుంది. వేగం వర్గంతో పీడనం పెరుగుతుంది కనుక విశాఖపట్నంలో పై పీడనం 1,500 నుండి దాదాపు 1,980 న్యూటన్లకు చేరుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో విశాఖపట్నం వద్ద తీరం దాటింది. ఇది సెకనుకు 50 మీటర్లతో సమానం. ఆ తుఫానులో విశాఖపట్నం విమానాశ్రయ టెర్మినల్ పైకప్పు తీవ్రంగా దెబ్బతిన్నది.

ఎండ

వేసవి మధ్యాహ్నం చదరపు మీటరు కప్పుపై సుమారు 1,000 వాట్ల సౌరశక్తి పడుతుంది. 1,000 చదరపు మీటర్ల కప్పుపై ఇది 1,000 కిలోవాట్లు. నల్లబడిన కప్పు ఇందులో దాదాపు 80 శాతాన్ని గ్రహిస్తుంది. శుభ్రమైన తెల్లని పూత గల కప్పు 30 శాతం లేదా అంతకంటె తక్కువ గ్రహిస్తుంది. తేడా 500 కిలోవాట్లు. ఇదంతా గదిలోకి రాదు. కొంత గాలిలోకి, ఆకాశంలోకి పోతుంది. మిగిలినది ఎంత లోపలికి చేరుతుందో కప్పులోని ఉష్ణనిరోధక పొర నిర్ణయిస్తుంది.

ఇందులో రెండు గుణాలు ఉన్నవి. ఎండను తిప్పికొట్టడం పరావర్తనం, గ్రహించిన వేడిని వికిరణం రూపంలో వదలడం ఉద్గారత. పూత లేని మెరిసే లోహపు రేకు ఎండను కొంత తిప్పికొట్టినా, గ్రహించిన వేడిని సులభంగా వదలదు. అందువల్లనే అది ముట్టుకుంటే కాలుతుంది. తెల్లని పూతకు రెండు గుణాలూ ఉంటాయి. 2017 నాటి ఇంధన పొదుపు భవన స్మృతి ప్రకారం 20 డిగ్రీల కంటె తక్కువ వాలు గల కప్పులకు ప్రారంభ పరావర్తనం 0.60, ఉద్గారత 0.90 కంటె తగ్గరాదు. దుమ్ము పేరుకొన్న కొద్దీ పరావర్తనం తగ్గుతుంది కనుక కప్పును కడగడం, కొన్నేళ్ళకు మరల పూత వేయడం అవసరం.

ఏసీ గల కార్యాలయంలో కప్పు వేడి కరెంటు బిల్లుగా మారుతుంది. ఏసీ లేని రేకుల షెడ్డులో ఆ వేడిని భరించేది అక్కడి పనివారు. ఆ బాధ ఏ బిల్లులోనూ కనబడదు గనుక కప్పు ధరల పోలికలో అది లెక్కకు రాకుండా పోతుంది.

వాన

చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీటితో సమానం. 2020 అక్టోబరులో హైదరాబాదులో ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ లెక్కన 1,000 చదరపు మీటర్ల కప్పు నుండి 1,90,000 లీటర్ల నీరు తూముల గుండా పోవలసి ఉంటుంది. ఆకులో, పాలిథీన్ సంచులో తూముకు అడ్డుపడితే పిట్టగోడల మధ్య నీరు నిలుస్తుంది. 10 సెంటీమీటర్ల లోతు నీరు చదరపు మీటరుకు 100 కిలోల అదనపు బరువు. అందుచేత ప్రతి భాగానికి కనీసం రెండు తూములు, పిట్టగోడలో కొంత ఎత్తున పొర్లు రంధ్రాలు ఉంచడం మంచిది. స్లాబుకు సుమారు 100కు 1 వాలు ఇస్తారు. రెండు రేకుల వాలులు కలిసే లోపలి కాలువలు కారే అవకాశం ఎక్కువ కనుక, వీలైనచోట నీటిని బయటి చూరు వైపు మళ్ళిస్తారు.

అగ్ని

రెండు రేకుల మధ్య నురుగు నింపిన పలకలు వేడిని బాగా ఆపుతాయి. కాని పాలీయురెథేన్, థర్మోకోల్ వంటి నురుగులు మండి దట్టమైన పొగను ఇస్తాయి. రాతి ఉన్ని నింపిన పలకలు బరువెక్కువైనా మండవు. జనం గుమికూడే హాళ్ళకు, మండే సరుకు నిల్వచేసే గిడ్డంగులకు ఈ భేదం ప్రాణప్రదమైనది.

పైకప్పు రకాలు

• ఆర్.సి.సి. స్లాబు: గాలికి, నిప్పుకు బాగా నిలుస్తుంది. పైన అంతస్తు లేపవచ్చు, యంత్రాలు పెట్టవచ్చు. మధ్యలో స్తంభాలు కావాలి. పగలు గ్రహించిన వేడిని సాయంత్రం లోపలికి వదులుతుంది. పగుళ్ళు, పైపులు దూర్చిన చోట్లు, పిట్టగోడ మొదళ్ళు కారుతాయి. వీటిని ఇటుక ముక్కల కాంక్రీటు, తారు పొరలు, రసాయన పూతలతో కాపాడుతారు. 45 మీటర్లకు మించిన పొడవుగల కట్టడాలకు వ్యాకోచపు అతుకులు అవసరమని ఐఎస్ 456 చెబుతుంది.
• డెక్ షీటు స్లాబు: ఉక్కు దూలాలపై ముడతల రేకు పరచి దానిపై కాంక్రీటు పోస్తారు. సెంట్రింగు పని తగ్గుతుంది. బహుళ అంతస్తుల ఉక్కు భవనాలకు అనువైనది.
• స్క్రూలతో బిగించిన ఉక్కు రేకులు: చవక, వేగంగా పూర్తి అవుతాయి. ప్రతి స్క్రూ ఒక రంధ్రమే. దాని రబ్బరు వాషరు ఎండకు పాడైతే కప్పు కారుతుంది.
• నిలువు అతుకు రేకులు: రేకుల అంచులను పైకి మడచి ఒకదానిలో ఒకటి బిగిస్తారు. రేకును కింది నుండి కొక్కెం పట్టి ఉంచుతుంది కనుక పైన రంధ్రాలు ఉండవు. 30 మీటర్ల ఉక్కు రేకు 40 డిగ్రీల ఉష్ణోగ్రత భేదానికి సుమారు 14 మిల్లీమీటర్లు సాగుతుంది. ఈ కప్పులో ఆ కదలికకు అవకాశం ఉంటుంది. ధర ఎక్కువ, నేర్పరులైన పనివారు కావాలి.
• నురుగు లేదా రాతి ఉన్ని పలకలు: శీతల గిడ్డంగులకు, ఔషధ కర్మాగారాలకు వాడుతారు.
• ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు: చవక, తుప్పు పట్టవు. ఆస్‌బెస్టాస్ అన్ని రకాలూ క్యాన్సరు కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించింది. అనేక దేశాలు దీనిని నిషేధించాయి. పాత రేకులను కోయడం, రంధ్రాలు వేయడం, పగులగొట్టడం వల్ల ప్రమాదకరమైన ధూళి లేస్తుంది. తీసివేసేటప్పుడు తడిపి, విరగకుండా దించాలి. ఆస్‌బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు రేకులు కూడా లభిస్తున్నవి.
• పెంకులు: విడిది గృహాలు, హోటళ్ళ వంటి చిన్న కట్టడాలకు అందం కోసం వాడుతారు. ఎక్కువ వాలు, తరచు సర్దుబాటు అవసరం.

భవనాన్ని బట్టి ఎంపిక

భవిష్యత్తులో అంతస్తులు పెంచదలచిన దుకాణ సముదాయానికి, ఆసుపత్రికి, కార్యాలయానికి స్లాబు అనువైనది. దానిపై ఉష్ణనిరోధక పొర, తెల్లని పలకలు లేదా పూత చేర్చడం ఉచితం. స్తంభాలు లేని విశాల స్థలం కావలసిన గిడ్డంగికి ఉక్కు చట్రం, నిలువు అతుకు రేకులు తగినవి. తీరప్రాంతంలో ఉప్పుగాలి వల్ల సాధారణ జింకు పూత త్వరగా పాడవుతుంది. అక్కడ మేలైన పూత గల రేకులు, తుప్పు పట్టని స్క్రూలు వాడాలి. సౌర ఫలకాలు అమర్చదలచితే, వాటి బరువును, అవి పట్టుకొనే గాలిని చట్రం లెక్కలలో ముందే చేర్చాలి. పాతికేళ్ళు పనిచేసే ఫలకాలను పదేళ్ళలో మార్చవలసిన కప్పుపై అమర్చితే, కప్పు మార్చేటప్పుడు వాటిని దించి మరల ఎక్కించే ఖర్చు తప్పదు.

ఖర్చు, జీవితకాలం

కప్పుల ధరలను పోల్చుటకు మొదటి ఖర్చు చాలదు. కప్పు నిలిచే కాలమంతటికీ ఈ క్రింది ఖర్చులను కలిపి, సంవత్సరానికి ఎంత అవుతుందో లెక్కించాలి.

• కప్పు, చట్రం, పునాదుల ఖర్చు (తేలికైన కప్పు వల్ల పునాది ఖర్చు తగ్గుతుంది)
• మరమ్మతులు, పూతలు
• కప్పు వేడివల్ల పెరిగే కరెంటు ఖర్చు
• కారినప్పుడు సరుకుకు, వ్యాపారానికి కలిగే నష్టం
• చివరికి తీసివేసే ఖర్చు, పాత రేకుకు వచ్చే ధర

అద్దె భవనాలలో కప్పు వేయించేది యజమాని, కరెంటు బిల్లు కట్టేది అద్దెదారు. అందువల్ల తక్కువ ధర కప్పు యజమానికి లాభంగా, అద్దెదారుకు నష్టంగా పరిణమిస్తుంది. ఒప్పందానికి ముందే కప్పు విషయం అడగడం అద్దెదారుకు మేలు.

పనితనం, నిర్వహణ

మంచి సామగ్రి వాడినా పనితనం లోపిస్తే కప్పు నిలవదు. స్క్రూను అతిగా బిగిస్తే వాషరు నలిగిపోతుంది, తక్కువ బిగిస్తే నీరు దూరుతుంది. స్లాబుకు నీటి నిరోధక పొర వేసిన తరువాత దానిపై నీరు నిలిపి, కింద చెమ్మ కనబడుతుందేమో పరీక్షించి గాని పైన పలకలు వేయరాదు. ఏసీ రాగి గొట్టాల మీదుగా కారిన నీరు జింకు పూత గల రేకుపై పడితే అక్కడ పూత త్వరగా తినివేయబడుతుంది. కేబుళ్ళ కోసం, బోర్డుల కోసం తరువాత వేసే రంధ్రాలు అనేక కప్పులు కారడానికి కారణమవుతాయి.

వానాకాలానికి ముందు, తరువాత తూములను శుభ్రపరచి, అతుకులను పరిశీలించాలి. సిమెంటు రేకులు, వెలుతురు కోసం వేసిన ప్లాస్టిక్ రేకులు మనిషి బరువును మోయలేవు. వాటిపై అడుగు వేసి పడిపోయి పనివారు మరణించిన ఘటనలు ఉన్నవి. దూలాలపై ఆనే నడక పలకలు, రక్షణ పట్టీ లేకుండా వాటిపైకి ఎవరినీ ఎక్కించరాదు.

ప్రభుత్వ నిబంధనలు

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2023-28 కాలానికి చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు గాని అంతకు మించి గాని స్థలంలో కట్టే నివాస భవనాలకు చల్లని కప్పును ఇది తప్పనిసరి చేసింది. రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు దీని లక్ష్యం. ఇందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాదుకు ఉద్దేశించినవి.

ఇవి కూడా చూడండి

• పెంకుటిల్లు
• కాంక్రీటు
• ఆస్‌బెస్టాస్
• హుద్‌హుద్ తుఫాను
• సౌర విద్యుత్తు