పెరటికోడి తిండి సంచి జబ్బులు

కోడికి పళ్లు లేవు. ముక్కుతో ఏరుకున్న గింజ, పురుగు, గడ్డిపరక ఏదైనా అన్నవాహికలోకి జారి, మెడ మొదట్లో కుడివైపున ఉండే పలుచని తిండి సంచిలో ఆగుతుంది. పశువైద్యులు దీన్ని క్రాప్ అంటారు. ఇక్కడ అరుగుదల పెద్దగా ఉండదు. మేత నాని, మెత్తబడి, కొంచెం కొంచెంగా కిందికి దిగి, జీర్ణరసాలు ఊరే జఠరం మీదుగా కందనకాయకు చేరుతుంది. కోడి మింగిన చిన్న చిన్న రాళ్లే అక్కడ పళ్ల పని చేస్తాయి.

సాయంత్రం గూటికి చేరిన కోడికి సంచి నిండుగా ఉండటం ఆరోగ్య లక్షణమే. తెల్లవారి మేత వేయకముందు తడిమితే మాత్రం అది దాదాపు ఖాళీగా ఉండాలి. అప్పటికీ ఉబ్బెత్తుగా చేతికి తగిలితే జబ్బు ఉన్నట్టు. ఈ పరీక్షకు ఖర్చు లేదు, పనిముట్టు అక్కర్లేదు. అది చేయకుండా సాయంత్రపు ఉబ్బు చూసి వైద్యం మొదలుపెడితే ఆరోగ్యంగా ఉన్న కోడే బాధపడుతుంది.

తెల్లవారినా దిగని సంచి గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. గట్టిగా ఉంటే మేత అడ్డుపడి ఉంటుంది. పొడవాటి ముదురు గడ్డి, వరిగడ్డి, ఈకలు, పెంటకుప్పల మీది నైలాన్ దారాలు, పాలిథిన్ ముక్కలు లోపల ఉండచుట్టుకుపోతాయి. అలాంటి కోడిని వేరుగా ఉంచి, ఒక పూట గట్టి మేత ఆపి, మంచినీళ్లు మాత్రం అందుబాటులో ఉంచాలి. ముక్కు పక్కనుంచి అర టీస్పూను వంటనూనెను చుక్కలు చుక్కలుగా మింగించి, సంచిని వేళ్లతో మృదువుగా మర్దన చేయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు. మర్నాటికి కదలిక లేకపోతే ఇంటివైద్యం ఆపి, డాక్టరుకు చూపించాలి.

నీళ్లు నింపిన బెలూన్‌లా మెత్తగా ఉండి, నోరు తెరిస్తే పులిసిన వాసన కొడితే అది వేరే జబ్బు. కదలకుండా నిలిచిన మేతలో కాండిడా అనే ఈస్టు పెరిగి లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఇళ్లలో తరచూ జరిగే తప్పు ఇక్కడే. కోడి నలతగా ఉందని మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని పట్టిస్తారు. అది ఈస్టును చంపదు, పైగా ఈస్టును అదుపులో ఉంచే మంచి బాక్టీరియాను చంపి జబ్బును ముదరబెడుతుంది. దీనికి వాడేది నిస్టాటిన్. ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1950లో వెల్లడించిన ఈ మందు పేగుల నుంచి రక్తంలోకి దాదాపు ఎక్కదు, తగిలిన చోటే పనిచేస్తుంది. మోతాదు డాక్టరే చెప్పాలి.

కోడిని తలకిందులుగా పట్టుకుని సంచిలోని ద్రవాన్ని కక్కించే పద్ధతిని మానుకోవడమే మేలు. శ్వాసనాళపు ద్వారం నాలుక వెనకే ఉంటుంది. పులిసిన నీళ్లు అందులోకి పోతే కోడి ఊపిరాడక అక్కడికక్కడే చనిపోవచ్చు.

సంచి గోడ సాగిపోయి వేలాడటం ఇంకో రకం. అలా సాగినది మళ్లీ పూర్వపు బిగువుకు రావడం అరుదు.

అసలు చాలాసార్లు తప్పు సంచిది కానే కాదు. కందనకాయలో అడ్డు పడినా, పొట్టలో పురుగులున్నా, గుడ్డు లోపలే చితికి కడుపు వాచినా పైన మేత నిలిచిపోతుంది. హంగరీ పశువైద్యుడు జోసెఫ్ మారెక్ 1907లో వర్ణించిన మారెక్స్ వ్యాధిలో వైరస్ నరాలను పట్టి పీడిస్తుంది. సంచిని కదిలించే నరం చచ్చుబడితే ఎంత మర్దన చేసినా మేత దిగదు. ఒక కాలు ముందుకు, మరొకటి వెనక్కి చాపి పడి ఉండే పడుచు కోడిలో దీన్ని అనుమానించాలి. కొక్కెర తెగులులోనూ సంచి నీళ్లతో నిండుతుంది. ఆకుపచ్చ పారుడు, గురక, మెడ మెలితిరగడం తోడైతే, పైగా ఒకేసారి నాలుగైదు కోళ్లు వాలిపోతే, సంచిని పట్టించుకుంటూ కూర్చోకూడదు. వెంటనే వాటిని మంద నుంచి వేరు చేయాలి. కొక్కెర తెగులుకు మందు లేదు, ముందుగా వేయించే టీకానే రక్ష.

మర్దనకు లొంగని అడ్డుకు చివరి మార్గం శస్త్రచికిత్స. మత్తు ఇచ్చి, సంచిని కోసి, ఉండను తీసి, సంచి గోడను ఒకసారి, చర్మాన్ని ఇంకోసారి విడివిడిగా కుడతారు. పల్లెల్లో కొందరు బ్లేడుతో కోసి మామూలు దారంతో రెండూ కలిపి కుట్టేస్తుంటారు. కోడికి అది నరకం. కుట్టు నిలవక మేత బయటికి కారి, చీము పట్టే ప్రమాదమూ ఉంది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో రూపొందిన వనరాజా, గ్రామప్రియ అయినా, నాటుకోడి అయినా జాగ్రత్తలు ఒకటే. పెరట్లో దారాలు, ప్లాస్టిక్ ఏరిపారేయాలి. కోసిన గడ్డి వేస్తే చిన్న ముక్కలుగా తరిగి వేయాలి. గూట్లోనే ఉంచి పెంచే కోళ్లకు రాతి రవ్వ అందించాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సంచార పశువైద్య సేవకు ఫోన్ నంబరు 1962. ఒక్క కోడి కోసం అడగడమేమిటని మొహమాటపడకుండా ఫోన్ చేయండి.