చుక్క పోతే కథ కధ అవుతుంది

తెలుగు పాత పుస్తకాలు నెట్‌లో వెతికే అలవాటున్న వాళ్ళకి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా గుర్తుండే ఉంటుంది. రాజ్ రెడ్డి గారి పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో మన దేశపు భాగం అది. బెంగుళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు నడిపాయి. అక్కడ పుస్తకమంటే ఒక ఫైలు కాదు, పేజీకొక టిఫ్ ఫైలు. మూడొందల పేజీల నవలకి మూడొందల ఫైళ్ళు. చూడాలంటే బ్రౌజర్లో ప్లగిన్ వేసుకోవాలి. విసుగొచ్చిన కొందరు పేజీలన్నీ దింపి పీడీఎఫ్‌గా కుట్టే చిన్న ప్రోగ్రాములు రాసుకున్నారు. నా లెక్కలో వాళ్ళూ ప్రచురణకర్తలే.

టిఫ్‌ని 1986లో ఆల్డస్ కంపెనీ స్కానర్ల కోసం తెచ్చింది. ఈ పేజీల లోపల వాడిన గ్రూప్ 4 కుదింపు ఫ్యాక్సు యంత్రాల కోసం పుట్టినది. పై వరసతో పోల్చుకుని, నలుపూ తెలుపూ మారే చోట్లు మాత్రమే రాసుకుంటుంది. స్కానర్ చూసినదాంట్లో ఒక్క చుక్క కూడా పోదు. దాచడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ క్రోమ్, ఫైర్‌ఫాక్స్ టిఫ్‌ని సొంతంగా చూపించవు. పాత తరహా ప్లగిన్లని క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఆపేశాయి. ఆ పాత సైటూ మూతపడింది. పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి కాబట్టి సరిపోయింది.

కాబట్టి మార్చక తప్పదు. ఎలా మారుస్తామన్నదే పేచీ. చాలామంది చేసేది జేపెగ్. 1992 నాటి ఆ ప్రమాణం ఫోటోల కోసం. బొమ్మని 8×8 గడులుగా కోసి, కంటికి అంతగా ఆనని తేడాలని వదిలేస్తుంది. అక్షరాల అంచుల చుట్టూ దుమ్ములాంటి మరకలు వస్తాయి. ఫైలు చిన్నదవుతుందా అంటే, ఇలాంటి నలుపు-తెలుపు పేజీకి తరచూ పెద్దదే అవుతుంది.

మరక కనపడుతుంది, కనీసం. కనపడని మార్పు ఇంకా చెడ్డది. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త, జిరాక్స్ యంత్రాలు స్కాన్ చేసిన కాగితాల్లో 6 బదులు 8 వస్తోందని చూపించాడు. జేబిగ్2 అనే కుదింపు, ఒకేలా కనిపించిన రెండు ఆకారాల్లో ఒకదాన్నే దాచుకుని రెండు చోట్లా అతికించింది. అంకె మసకబారలేదు, శుభ్రంగా తప్పుగా వచ్చింది.

అదే పద్ధతి మన లిపి మీద పడితే? ధ కడుపులో చుక్క పెడితే థ. పాత పుస్తకాల్లో 'కధ' అని కనిపిస్తే అది రచయిత రాతా, కంపోజిటర్ చేతివాటమా అని ఇప్పటికే తల పట్టుకుంటున్నాం. మూడో అనుమానితుడు చేరితే, వర్ణక్రమం మీద పని చేసేవాళ్ళు ఏం నమ్మాలి?

నేనైతే పీఎన్‌జీకి మారుస్తాను. జిఫ్ వాడిన కుదింపు మీద యూనిసిస్ పేటెంటు గొడవ 1994 చివర్లో బయటపడ్డాక, దాని బదులుగా వాలంటీర్లు కూర్చుని 1996కల్లా తయారుచేసిన ఫార్మాట్ ఇది. ఏదీ పోదు, ఏ బ్రౌజరైనా చూపిస్తుంది. ఇప్పుడు మార్చడమూ బ్రౌజర్లోనే అవుతుంది. 1988లో మొదలైన లిబ్‌టిఫ్ సీ కోడ్‌ని వెబ్‌అసెంబ్లీగా మారిస్తే, ఫైళ్ళు మన మెషీన్ దాటకుండానే ఫోల్డర్ మొత్తం మారిపోతుంది.

ఒక్క లెక్క చూసుకోవాలి. 5×8 అంగుళాల పేజీ 600 డీపీఐలో 1.44 కోట్ల పిక్సెళ్ళు. బ్రౌజర్ కాన్వాస్ పిక్సెల్‌కి 4 బైట్లు తీసుకుంటుంది, అంటే పేజీకి దాదాపు 58 ఎంబీ. మూడొందల పేజీలూ ఒకేసారి తెరిస్తే 17 జీబీ, ట్యాబ్ గోవిందా. ఒక్కో పేజీ తెరిచి, రాసి, మూసేయాలి. పీఎన్‌జీని పిక్సెల్‌కి ఒక్క బిట్‌గానే రాయాలి, కాన్వాస్‌ని అడిగితే రంగుల ఫైలు చేసిపెడుతుంది. పని అయ్యాక అసలు టిఫ్‌లని చెరపొద్దు.