వంశవృక్షంలో ఆలుమగల గడి

మన కుటుంబాల్లో పిల్లలు ఇప్పుడు కంప్యూటర్లో వంశవృక్షాలు వేస్తున్నారు. సంతోషమే. అయితే పేరూ, పుట్టిన తేదీ ఎక్కించినంత సులువు కాదు ఆలుమగల సంబంధం రాయడం.

మా ఇంటి సంగతే చెప్తాను. మా ముత్తాత గుడియాత్తంలో లుంగీలు నేసేవాడు. మొదటి భార్యకు సంతానం లేదని రెండో పెళ్ళి చేసుకున్నాడు. చిన్నావిడ పిల్లల్ని సాకింది, మగ్గానికి కండెలు చుట్టింది పెద్దావిడే. సత్తువాచారిలో మా తమ్ముడి కొడుకు ఆ వివరాలు ఎక్కిస్తూ, "పెద్దవ్వకు పిల్లల్లేరు కదా పెదనాన్నా, వదిలేద్దామా?" అన్నాడు. నా మనసు చివుక్కుమంది.

దాచాల్సిన పనేముంది? మద్రాసు రాష్ట్రంలో 1949లో ద్విభార్యత్వ నిషేధ చట్టం వచ్చేదాకా మగవాడి రెండో పెళ్ళికి చట్టం అడ్డు కాదు. కాబట్టి ఇద్దరూ భార్యలే. అట్లాగే వితంతువుల పునర్వివాహాన్ని 1856 చట్టమే ఒప్పుకుంది. కులాచారం ప్రకారం తెగిన పెళ్ళిళ్ళను 1955 హిందూ వివాహ చట్టం కూడా కొట్టేయలేదు. పురోహితుడు లేకుండా దండలు మార్చుకున్న పెళ్ళిళ్ళకు అన్నాదురై ప్రభుత్వం 1967లో తెచ్చిన సవరణ చట్టబద్ధత ఇచ్చింది, అంతకుముందు జరిగినవాటికి కూడా.

ఇక పత్రాల మాట. తమిళనాట అన్ని పెళ్ళిళ్ళకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసిన చట్టం 2009ది. అవ్వాతాతల పెళ్ళికి సర్టిఫికెట్ లేదని "పెళ్ళి కాలేదు" అని రాస్తే తప్పు. శుభలేఖ, ఆస్తి దస్తావేజు, పెద్దల నోటిమాట, ఏది ఆధారమైతే అది రాయాలి. ఊరి పేరూ జాగ్రత్త: 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటులోనివే.

సాఫ్ట్‌వేర్‌లో దీనికి చోటుంది. గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి జంటకూ "వివాహితులు", "అవివాహితులు", "తెలియదు" వంటి గడులున్నాయి. నిశ్చితార్థం, పెళ్ళి, విడాకులు వేరువేరు ఘటనలుగా, తేదీలతో ఎక్కించవచ్చు. ఇద్దరు భార్యలుంటే రెండు జంటలుగా రాయాలి. పిల్లల్ని కన్నతల్లి కిందే చూపించి, పెంచినావిడ సంగతి వివరణలో రాయాలి. భర్త పోయిన ఆవిడకు "విడాకులు" అని పెట్టకూడదు. మేనరికమైతే ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించకుండా, ఉన్న పేరుకే కలపాలి. తెలియనిచోట "తెలియదు" అనడమే నిజాయితీ. బతికున్నవాళ్ళ విడాకులూ, గొడవలూ మాత్రం వాళ్ళ అనుమతి లేకుండా నలుగురికీ పంచవద్దు.

మగ్గం మీద పోగు తెగితే ముడి వేస్తాం. వెనక తిప్పి చూస్తే ఆ ముడి కనిపిస్తుంది. అది గుడ్డకు తప్పు కాదు, ఆ ముడి ఉండబట్టే గుడ్డ నిలిచింది. మా వంశవృక్షంలో పెద్దవ్వ గడి కింద కొమ్మ లేదు. అయినా ముత్తాత పక్కన, మొదటి చోటున, ఆవిడ ఉంది. ఈ సంచిక చదివిన మీరు కూడా ఈ ఆదివారం మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చుని అడగండి, అట్లా ఎవరిని వదిలేశామో.